అతిమధురం వాడేవాళ్లు రోజులు లెక్కపెట్టుకోండి

మా అత్తయ్యకి డిసెంబరులో పట్టుకున్న పొడి దగ్గు సంక్రాంతి వెళ్లిపోయినా వదల్లేదు. రాత్రి పడుకుంటే చాలు, గొంతులో ఏదో గీరుతున్నట్టు ఒకటే దగ్గు. సిరప్పు తాగితే మత్తుగా ఉంటుందని ఆవిడకి ఇష్టం ఉండదు. పక్కింటావిడ చెప్పిందని విశాఖ పూర్ణా మార్కెట్ నుంచి పావుకిలో అతిమధురం పొడి తెప్పించుకుని, పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా, తేనెలో రంగరించుకుని తీసుకోవడం మొదలుపెట్టింది. చెంచా అంటే గోపురంలా పోసిన చెంచా. అలా నెలన్నర వాడింది. మొదటి వారంలో గొంతుకి హాయిగానే ఉందంది, అందుకే ఎవరం అడ్డు చెప్పలేదు. ఫిబ్రవరిలో పాదాలు వాచి చెప్పులు పట్టలేదు, రాత్రిళ్లు పిక్కలు పట్టేసి లేచి కూర్చునేది, మాత్రలతో ఎప్పుడూ 130 దాటని బీపీ 170కి వెళ్లింది. రక్తపరీక్షలో పొటాషియం 2.9 వచ్చింది. ఉండాల్సింది 3.5కి పైన.

"మందులు కాకుండా ఇంకేమైనా తీసుకుంటున్నారా అమ్మా?" అని డాక్టరు గారు అడిగితే "ఏమీ లేదు బాబూ" అనేసింది. అబద్ధం కాదు, ఆవిడ లెక్కలో అతిమధురం మందే కాదు మరి. పక్కనున్న నేను గుర్తొచ్చి చెప్పాను కాబట్టి సరిపోయింది.

ఆ రోజు నుంచి ఈ వేరు గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. మా ఇంట్లో ఇప్పటికీ వాడతాం, మానేయలేదు, మీరూ మానేయాలని చెప్పడానికి రాయడం లేదు. ఎంత, ఎన్నాళ్లు, ఎవరు అనే మూడు సంగతులు తెలియకుండా మాత్రం సీసా మూత తీయొద్దని రాస్తున్నాను.

అతిమధురాన్నే ఆయుర్వేదంలో యష్టిమధు అంటారు, హిందీవాళ్లు ములేఠీ అంటారు, ఇంగ్లిష్ పేరు లికోరైస్, శాస్త్రీయ నామం గ్లైసిరైజా గ్లాబ్రా. ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి. చిక్కుడు, కంది కుటుంబానికి చెందిన మొక్క ఇది, మన కోస్తాలో పంటగా వేసేది కాదు. మార్కెట్లో దొరికే వేరు చాలావరకు అఫ్ఘానిస్తాన్, ఇరాన్ వైపు నుంచి వచ్చేదే. దీని తీపంతా గ్లైసిరైజిన్ అనే పదార్థానిది, పంచదారకి 30 నుంచి 50 రెట్లు తీపి. మేలు చేసేదాంట్లో పెద్ద వాటా దానిదే, కీడు చేసేదీ అదే.

ఆ కీడు ఎలా జరుగుతుందో కాస్త ఓపికగా చదవండి, ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఒంట్లో ఉప్పు ఎంత ఉంచుకోవాలో, ఎంత వదిలేయాలో కిడ్నీలకి చెప్పేది ఆల్డోస్టెరాన్ అనే హార్మోను. కార్టిసాల్ అనే ఇంకో హార్మోనుకి కూడా అదే పని చేసే శక్తి ఉంది, పైగా రక్తంలో అది ఎన్నో రెట్లు ఎక్కువగా తిరుగుతూ ఉంటుంది. అందుకని కిడ్నీలో ఒక ఎంజైము కాపలా ఉండి, కార్టిసాల్‌ని అక్కడ ఎప్పటికప్పుడు పనికిరాకుండా చేస్తుంది. అతిమధురం ఆ ఎంజైమునే ఆపేస్తుంది. దాంతో కార్టిసాల్ పనిలోకి దిగుతుంది, ఒంట్లో ఉప్పూ నీరూ నిలబడిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది. కాళ్ల వాపు, బీపీ, పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె దడ అన్నీ ఇక్కడినుంచే. ఇది ఒక్క రోజులో జరగదు, రోజురోజుకీ పేరుకుంటూ వస్తుంది, అందుకే మొదటి వారం హాయిగా ఉన్న మనిషి ఆరో వారంలో ఆసుపత్రి మెట్లెక్కుతుంది.

మేలూ కీడూ రెండూ ఒకేసారి బయటపడిన మందు ఇది. 1946లో రెవర్స్ అనే డచ్ డాక్టరు, కడుపులో పుండ్లున్నవాళ్లకి అతిమధురం ముద్ద ఇస్తే తగ్గుతోందని రాశారు, అదే రోగుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ముఖం, కాళ్లు వాస్తున్నాయనీ ఆయనే రాశారు.

దేనికి నిజంగా పనిచేస్తుంది

గొంతుకి. నా అనుభవమూ అదే, పరిశోధనల్లో కాస్త గట్టిగా కనిపించేదీ అదే. ఆపరేషన్ల ముందు మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేస్తారు కదా, తర్వాత రెండు రోజులు గొంతు మండుతుంది. మన దేశంలోనే డాక్టర్లు 2009లో ఒక పని చేశారు: అర గ్రాము అతిమధురం 30 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, ఆపరేషనుకి ముందు రోగుల చేత పుక్కిలింపజేశారు. ఒట్టి నీళ్లు పుక్కిలించినవాళ్ల కంటే వీళ్లకి గొంతు నొప్పి తక్కువగా ఉంది. తర్వాత ఆస్ట్రియాలో చేసినప్పుడూ అలాగే వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది, వాళ్లు మింగలేదు, పుక్కిలించి ఉమ్మేశారు. పాటగాళ్లూ, రోజంతా గొంతు చించుకునే టీచర్లూ చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవడం మన దగ్గర పాత అలవాటే.

నోటిపూతకి కూడా ఈ పుక్కిలింత మా పిల్లలకి హాయినిచ్చింది. ఎసిడిటీకి చాలామంది వాడతారు, కొంత ఫలితం ఉండొచ్చు, కానీ గ్లైసిరైజిన్ తీసేసిన రకం బిళ్లలు విడిగా దొరుకుతాయి, బీపీ భయం ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి వాటి సంగతి చూసుకోవడం మేలు. కడుపులో మంట ఉండి మలం నల్లగా వస్తుంటే మాత్రం కషాయాలతో కాలం గడపొద్దు, అది లోపల రక్తం కారుతోందనడానికి గుర్తు కావచ్చు.

లివర్‌కి మంచిదని విని రోజూ తాగేవాళ్లున్నారు. జపాన్‌లో దీర్ఘకాలిక హెపటైటిస్‌కి గ్లైసిరైజిన్ ఇంజెక్షను వాడతారన్నది నిజమే. అది శుద్ధి చేసిన మందు, ఆసుపత్రిలో డాక్టర్ల కనుసన్నల్లో ఇచ్చేది. దాన్ని చూపించి ఇంట్లో కషాయం కాచుకోవడం సరికాదు. ముఖానికి పొడి రాసుకోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ముందు మోచేతి మడత దగ్గర రాసి ఒక రోజు చూడండి, దురద రాకపోతే రాసుకోండి.

కొనేటప్పుడు

పొడి కొనకండి, వేరు కొనండి. పొడిలో ఏం కలిసిందో కంటితో చెప్పలేం. వేరు పైన గోధుమరంగులో ముడతలు పడి ఉంటుంది, విరిస్తే లోపల పసుపుపచ్చగా పీచులు పీచులుగా ఉంటుంది, నమిలితే తీపి వెంటనే తెలిసి చాలాసేపు నాలుక మీద నిలబడుతుంది. లోపల నల్లబడినా, పురుగు తొలిచిన కన్నాలున్నా, ముక్కవాసన వస్తున్నా వద్దు.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి. గురివింద తీగ వేరుని కొన్నిచోట్ల అతిమధురం పేరుతో అమ్ముతుంటారు, దాన్ని ఇంగ్లిష్‌లో ఇండియన్ లికోరైస్ అని కూడా పిలుస్తారు. ఆ ఆకు కూడా తియ్యగానే ఉంటుంది. గురివింద గింజలో అబ్రిన్ అనే భయంకరమైన విషం ఉంది, నమిలి మింగితే మనిషి ప్రాణం పోగలదు. కొండల పక్కన తుప్పల్లో ఎర్రటి గింజలు నల్లటి చుక్కతో వేలాడుతుంటాయి కదా, ఆ తీగ వేరు తవ్వుకొచ్చి ఇదీ అదీ ఒకటేనని ఎవరైనా ఇస్తే పుచ్చుకోవద్దు. పిల్లల్ని ఆ గింజలతో ఆడుకోనివ్వొద్దు కూడా.

విశాఖలో ఉండే మనకి ఇంకో ఇబ్బంది సముద్రపు తేమ. ఇక్కడ ఉప్పు సీసాయే నీరు కారుతుంది, ఇక పొడులు ఎన్నాళ్లు నిలుస్తాయి? వానాకాలంలో అయితే రెండు వారాల్లో గడ్డకట్టి బూజు పడుతుంది. వేరు ముక్కల్ని ఎండ కాసిన రోజు ఒకపూట ఎండబెట్టి, తడిలేని గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి ఉంచండి. ఏడాదికి సరిపడా కొనడం వద్దు, 50 గ్రాములు ఒక ఇంటికి ఎక్కువే. తెల్లటి బూజు తుడిచేసి వాడుకునే అలవాటుంటే దయచేసి మానుకోండి, పారేయండి.

ఎంత

యూరప్‌లో ఆహార శాస్త్రవేత్తల కమిటీ 2003లో చెప్పింది ఏమిటంటే, రోజుకి గ్లైసిరైజిన్ 100 మిల్లీగ్రాములు దాటకూడదని. చిక్కల్లా వేరులో అది ఎంతుందో మనకి తెలియకపోవడమే. ఒక వేరులో 2 శాతం ఉంటే ఇంకోదాంట్లో 15 శాతం దాకా ఉండొచ్చు. అంటే ఒకే గ్రాములో 20 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 150 ఉండొచ్చు. మా అత్తయ్య గోపురం చెంచాని వంటింటి స్కేలు మీద తూచి చూశాను, మూడున్నర గ్రాములొచ్చింది. రోజుకి రెండు చెంచాలంటే ఏడు గ్రాములు, నెలన్నర.

ఆ 100 కూడా అందరికీ భద్రం కాదని 2024లో స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనం చెప్తోంది. 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఆరోగ్యంగా ఉన్న 28 మందికి రోజుకి 100 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు ఇచ్చి చూస్తే వాళ్ల బీపీ సగటున మూడు పాయింట్లు పెరిగింది. మూడే కదా అనిపిస్తుంది. వాళ్లంతా కుర్రవాళ్లు, ఏ జబ్బూ లేనివాళ్లు, మన ఇళ్లలో ఇది వాడేది అరవై దాటి బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు.

అందుకని మా ఇంట్లో పెట్టుకున్న లెక్క ఇది: పెన్సిలు లావున్న వేరు ఒక అంగుళం ముక్క, అంటే దగ్గర దగ్గర ఒక గ్రాము, రోజుకి ఒక్కసారి, వరుసగా ఏడు రోజులు మించకుండా. తర్వాత కనీసం మూడు వారాలు ముట్టుకోం. ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రామాణిక గ్రంథంలో, పొడి మోతాదు 2 నుంచి 4 గ్రాములని ఉంది, ఆ మాట నిజమే, వైద్యులు మనిషిని చూసి, నాడి చూసి, ఇన్నాళ్లని చెప్పి ఇచ్చే మోతాదు అది. ఎవరూ చూడకుండా మనకి మనం వేసుకునేటప్పుడు తక్కువలోనే ఉందాం. గోడమీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, పాల లెక్క రాసుకున్నట్టే మొదటి రోజు గడిలో "అతి" అని రాసి, ఏడో గడి చుట్టూ సున్నా చుట్టండి. మోతాదు కాస్త అటూ ఇటూ అయినా ఏడు రోజుల్లో ఆగిపోయినవాళ్లకి ముప్పు తక్కువ. గుర్తులేకుండా నెలలు గడిచిపోయినవాళ్లే ఎక్కువగా పడిపోతున్నారు. అమెరికాలో 54 ఏళ్లాయన రోజూ సంచీడున్నర లికోరైస్ మిఠాయిలు కొన్ని వారాలపాటు తిని, పొటాషియం పడిపోయి గుండె ఆగి చనిపోయిన సంగతి 2020లో డాక్టర్లే వైద్య పత్రికలో రాశారు.

ఎలా

పుక్కిలింతకి, రెండు అంగుళాల ముక్కని రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పెద్ద గ్లాసుడు నీళ్లలో వేసి పది నిమిషాలు సన్నని సెగ మీద మరగనివ్వండి. వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక గుక్క గుక్కగా నోట్లో పోసుకుని, తల వెనక్కి వాల్చి అర నిమిషం గరగరలాడించి ఉమ్మేయండి. రోజుకి రెండుసార్లు చాలు. మింగడం లేదు కాబట్టి అన్నిటికంటే భయం తక్కువ పద్ధతి ఇదే, గొంతు నొప్పి అయితే నేను దీన్నే మొదట చెప్తాను.

కషాయానికి, అంగుళం ముక్క దంచి, గోరంత అల్లం, నాలుగు తులసి ఆకులు, రెండు మిరియాలు వేసి గ్లాసున్నర నీళ్లు గ్లాసు అయ్యేదాకా కాచి వడకట్టుకుని తాగండి. బెల్లం అక్కర్లేదు, వేరే తియ్యగా ఉంటుంది. అదే వేరుని రెండోసారి మరిగించుకోవచ్చు గానీ దానికి కొత్త ముక్క తోడు వేయకండి. పొడి తేనెతో నాకడం నాకు ఇష్టం లేదు, కషాయంలో కొంతే దిగుతుంది, పొడి అయితే ఉన్నదంతా కడుపులోకి పోతుంది. తప్పదనుకుంటే చెంచాలో నాలుగో వంతు, తలకొట్టి కొలిచి, అంతే. బుగ్గన ముక్క పెట్టుకునేవాళ్లు పావుగంట చప్పరించి తీసేయండి, రోజంతా ఒకటి తర్వాత ఒకటి పెట్టుకుంటే ఎంత పోయిందో లెక్క ఉండదు.

లెక్క అంటే ఇంకోటి గుర్తొచ్చింది. మనకి తెలియకుండా పోయే అతిమధురం చాలా ఉంటుంది. దగ్గు సిరప్పులు, గొంతు బిళ్లలు, హెర్బల్ టీ సంచులు, కొన్ని లేహ్యాలు, చూర్ణాలు, కిళ్లీలో వేసే మసాలా, బీచ్ రోడ్డులో పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లకి అమ్మే కషాయాలు, వీటిలో దేనిలోనైనా ఉండొచ్చు. లేబుల్ మీద యష్టిమధు, ములేఠీ, లికోరైస్, గ్లైసిరైజా ఏ పేరున్నా అదే ఇది. ఇంట్లో కషాయం తాగే వారంలో అవి పక్కన పెట్టేయండి. ఆ వారం ఆవకాయ, ఎండు చేపలు, ఉప్పు చేపలు కూడా తగ్గిస్తే మంచిది, అసలే ఒంట్లో ఉప్పు నిలబడుతుంటే పైనుంచి ఇంకా పోయడం దేనికి. విరేచనాలు అవుతున్నప్పుడు, విరేచనాల మందు వేసుకున్నప్పుడు అసలు వద్దు, పొటాషియం రెండు వైపులా పోతుంది.

ఎవరు ముట్టుకోకూడదు

బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఇంతకుముందు ఎప్పుడైనా పొటాషియం తగ్గిందని చెప్పినవాళ్లు. నీరు పోవడానికి ఇచ్చే ఫ్యూరోసెమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ మాత్రలు వేసుకునేవాళ్లు మరీ ముఖ్యంగా, ఎందుకంటే ఆ మాత్రలే పొటాషియంని పంపేస్తాయి. గుండెకి డిగాక్సిన్ వాడేవాళ్లకి పొటాషియం పడిపోతే ఆ మందే విషంలా మారగలదు. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు, రక్తం పలచబడటానికి వార్‌ఫరిన్ వాడేవాళ్లు కూడా డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఇది పంచదార కాదు కదా అని టీలో వేసుకుంటున్నారు, షుగరుతో పాటు బీపీ, కిడ్నీ ఇబ్బంది ఎంతమందికి ఉంటుందో మీకు తెలుసు.

కడుపుతో ఉన్నవాళ్లకి వద్దే వద్దు. తల్లి కార్టిసాల్ బిడ్డకి ఎక్కువగా చేరకుండా మాయలో (ప్లాసెంటాలో) కూడా ఇలాంటి కాపలా ఎంజైమే ఉంటుంది, అతిమధురం దాన్నీ ఆపుతుంది. ఫిన్లాండ్‌లో లికోరైస్ మిఠాయిలు బాగా తింటారు, అక్కడ గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువగా తిన్న తల్లుల పిల్లల్ని పన్నెండేళ్లు దాటాక పరీక్షిస్తే తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారని 2017లో రాశారు. ఆ దేశంలో గర్భిణులకి దాన్ని వద్దనే చెప్తారు. వేవిళ్లకి మంచిదని ఎవరైనా పెద్దవాళ్లు ప్రేమగా కాచి ఇస్తే, "వద్దత్తయ్యా, డాక్టరు గారు వద్దన్నారు" అని నెమ్మదిగా చెప్పేయండి.

వస అరగదీసి నాకించినట్టు పసిబిడ్డలకి దీన్ని సాన మీద తీసి తేనెతో నాకించడం కూడా వద్దు. ఏడాది లోపు బిడ్డకి తేనె చుక్క కూడా పెట్టకూడదు, అందులో ఉండగలిగే బాక్టీరియాతో బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు వస్తుంది.

వాడుతుండగా పాదం మీద వేలితో నొక్కితే గుంట పడుతున్నా, ఉంగరం బిగుసుకున్నా, తలనొప్పి, దడ, పిక్కలు పట్టేయడం, లేవలేని నీరసం ఉన్నా ఆ పూటే ఆపేయండి. ఆపాం కదా అని ఊరుకోవద్దు, ఒంట్లోంచి దీని ప్రభావం పోవడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. బీపీ చూపించుకుని, సీరమ్ ఎలక్ట్రోలైట్స్ అనే రక్తపరీక్ష చేయించుకోండి, పొటాషియం ఎంతుందో అందులో తెలుస్తుంది. గుండె లయ తప్పినట్టున్నా, కళ్లు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకే. వెళ్లేటప్పుడు సీసా, పొట్లం చేత్తో పట్టుకెళ్లండి.

ఇక దగ్గు సంగతి. రెండు వారాలు దాటిన దగ్గుకి ఏ కషాయమూ జవాబు కాదు. అన్నాళ్లు దగ్గితే క్షయ పరీక్ష చేయించాలన్నది మన దేశంలో నియమం, కఫం పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, మనకి పెదవాల్తేరులో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రే ఉంది. సిగ్గుపడేదేం లేదు.

మా అత్తయ్యకి క్షయ లేదని తేలింది. డాక్టరు గారు ఆవిడ మాత్రల అట్టలు ఒక్కొక్కటే చూసి, నవంబరులో మార్చిన బీపీ మాత్ర దగ్గర ఆగారు. రామిప్రిల్. ఆ జాతి మాత్రలు కొంతమందికి పొడి దగ్గు తెప్పిస్తాయట. బీపీకి వేసుకున్న మాత్ర దగ్గు తెచ్చింది, దగ్గుకి వేసుకున్న వేరు బీపీ పెంచింది, ఆ పెరిగిన బీపీకి ఎవరమైనా మాత్ర డోసు పెంచమని అడిగేవాళ్లమే. ఆయన మాత్ర మార్చారు, పొటాషియం ఇచ్చారు, అతిమధురం ఆపించారు. (మీకూ అదే మాత్ర, అదే దగ్గు ఉంటే మీ అంతట మీరు మానేయకండి, డాక్టరే మార్చాలి.) వారంలో వాపు దిగింది. మూడో వారానికి దగ్గు పోయింది, రాత్రి మధ్యలో లేవకుండా తెల్లారేదాకా పడుకుంది.